కరెంటు పోయిన రాత్రి

పిల్లలూ! నిన్నో మొన్నో పుట్టిన కోడిపిల్లను మీలో ఎవరైనా అరచేతిలో పెట్టుకుని చూశారా? చూడకపోతే ఈసారి అవకాశం దొరికినప్పుడు తప్పక చూడండి. దూదిపింజ లాగా ఉంటుంది. పుట్టిన రోజున దాని బరువు నలభై గ్రాములకు అటూ ఇటూ. వట్టి అరచేతి మీద నిలబెడితే కొంపలు మునిగినట్టు "కీచు కీచు"మని అరుస్తుంది. రెండో చేతిని దాని మీద గిన్నె లాగా బోర్లించారంటే కొద్దిసేపట్లో అరుపు మానేస్తుంది. తరవాత గొంతులోనే సన్నగా ఏదో కూనిరాగం తీస్తుంది. ఆ తరవాత కళ్లు మూసుకుని నిద్రపోతుంది.

దానికి కావలసిన ఆ వెచ్చదనం గురించి నేను పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది కొంత. ఒక రాత్రి తప్పులు చేసి తెలుసుకున్నది చాలా ఎక్కువ. ఆ రాత్రి సంగతి చెబుతాను.

మాది గార్ల. కాజీపేట నుంచి విజయవాడ వెళ్లే రైలుదారిలో మహబూబాబాద్ దాటిన తరవాత, డోర్నకల్లుకు ముందు వచ్చే స్టేషను. 2016 దాకా ఖమ్మం జిల్లాలో ఉండేది. ఆ ఏడు కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు మహబూబాబాద్ జిల్లాలో చేరింది. ఊరి పక్కనే పాకాల ఏరు పారుతుంది. ఎండాకాలంలో దాన్ని చూస్తే "ఇదా ఏరు!" అనిపిస్తుంది. వానాకాలంలో అది పొంగిందంటే అవతలి ఊళ్లకు దారి తెగిపోతుంది.

2024 ఆగస్టు నెలాఖరులో ఒక ఆదివారం నాడు మా వీధికి కోడిపిల్లల ఆటో వచ్చింది. ఆరో తరగతి చదివే మా అమ్మాయి గుమ్మంలో నుంచి కదలలేదు. చివరకు ఇరవై నాలుగు పిల్లలను కొన్నాము. అవి వనరాజా జాతివి. హైదరాబాదులో రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన సంస్థ ఒకటి ఉంది. పెరటిలో తిరిగి, దొరికింది తిని బతికే కోళ్లు పల్లెవాళ్లకు కావాలని ఆ సంస్థవారు తయారుచేసిన జాతి ఇది. గ్రామప్రియ అనే జాతి కూడా వాళ్లదే. రంగురంగుల ఈకలతో చూడటానికి నాటుకోళ్ల లాగానే ఉంటాయి.

అయితే ఈ పిల్లలకు తల్లి లేదు. అవి ఇరవై ఒక్క రోజులు పొదుగుడు యంత్రంలో ఉండి పుట్టినవి. తల్లి చెయ్యవలసిన పని మనమే చెయ్యాలి. ఆ పనుల్లో మొదటిది వెచ్చదనం. మొదటి వారం పిల్లలున్న చోట దాదాపు 35 సెంటీగ్రేడు డిగ్రీల వేడి ఉండాలి. పాత లెక్కలో 95 ఫారెన్‌హీటు. తరవాత వారం వారం మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవచ్చు. నిజమైన ఈకలు వచ్చిన తరవాత వాటి చలి అవే చూసుకుంటాయి.

ఒక పెద్ద అట్టపెట్టెలో ఊక పోసి, పైన బల్బు వేలాడదీశాము. ఈ బల్బు సంపాదించటానికి నేను మూడు కొట్లు తిరిగాను. ఇప్పుడు దొరికే ఎల్.ఇ.డి. బల్బులు కోడిపిల్లలకు ఏమాత్రం పనికిరావు. అవి వెలుగు ఇస్తాయి కాని, చలి కాచుకునేటంత వేడి ఇవ్వవు. లోపల సన్నని తీగ ఎర్రగా కాలే పాతకాలపు గుండు బల్బు ఉన్నదే, దానికి వచ్చిన కరెంటులో నూటికి తొంభై వంతులకు పైగా వేడిగానే పోతుంది. దీపంగా అది దండుగమారి వస్తువు. కోడిపిల్లలకు మాత్రం అదే అమ్మ.

వేడి సరిపోయిందో లేదో తెలుసుకోవటానికి మా అమ్మాయి పెట్టెలో ఒక ఉష్ణమాపకం పెట్టింది. కాని రెండు రోజుల్లో దాని అవసరం లేకుండా పోయింది. ఎందుకంటే పిల్లలే చెబుతాయి. బల్బు కింద గుంపుగా ముద్దయితే చలి వేస్తున్నదన్నమాట. దూరంగా పోయి నోళ్లు తెరిచి రొప్పుతుంటే ఉక్క పోస్తున్నది. అన్నీ ఒకే వైపుకు నెట్టుకుంటే ఎటునుంచో ఈదరగాలి కొడుతున్నది. పెట్టె అంతా తలా ఒకచోట పడుకుని, ఒకటి తింటూ, ఒకటి కాలు చాపుకుంటూ ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టు లెక్క. బడి నుంచి రాగానే మా అమ్మాయి పెట్టె ముందు కూర్చుని "నాన్నా, ఇవాళ కాస్త ఉక్కగా ఉందట" అని నాకు కబురు చెబుతుండేది.

ఇలా ఆరు రోజులు గడిచాయి. ఆగస్టు 31, శనివారం వచ్చింది.

ఆ వాన సంగతి మా ప్రాంతం వాళ్లెవరూ మరిచిపోరు. ఎడతెగకుండా కురిసింది. చీకటి పడిన తరవాత కొబ్బరిచెట్లు వంగి వంగి లేచేటంత గాలి కూడా తోడయింది. రాత్రి పదిగంటల వేళ కరెంటు పోయింది.

ఇక్కడ నా మొదటి తప్పు ఒప్పుకుంటాను. "వానకు పోయింది, కాసేపట్లో అదే వస్తుంది" అనుకున్నాను. పెట్టె మీద ఒక దుప్పటి కప్పి పడుకున్నాము. బయట మరీ చలిగా కూడా లేదు. తరవాత చూస్తే ఉష్ణమాపకంలో 24 డిగ్రీలుంది. 24 డిగ్రీలంటే మనకు హాయిగా నిద్రపట్టే చల్లదనం. ఆరు రోజుల కోడిపిల్లకు అది మాఘమాసపు చలి.

ఎందుకంటారా? వేడి అన్నం కలిపి మీ అమ్మ చిన్నతనంలో మీకు ఎలా పెట్టేదో గుర్తు చేసుకోండి. పళ్లెం చుట్టూ చిన్నచిన్న ముద్దలు చేసి పెట్టేది. పెద్ద ముద్ద లోపల ఎంతోసేపు పొగలు కక్కుతుంది, చిన్న ముద్ద ఇట్టే చల్లారుతుంది. చిన్న వస్తువుకు లోపలి సరుకు తక్కువ, గాలి తగిలే పైభాగం ఎక్కువ. కోడిపిల్ల కూడా అలాంటి చిన్న ముద్దే. పైగా దానికి ఉన్నవి ఈకలు కావు, నూగు. ఒంట్లో వేడి పుట్టించుకునే శక్తి కూడా మొదటి రెండు మూడు వారాలు సరిగా కుదురుకోదు. పెద్ద కోడి ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీలు. మనకు జ్వరమనిపించే వేడి దానికి మామూలు. ఆ వేడిని పిల్ల తనంతట తాను నిలుపుకోలేదు.

రాత్రి రెండు గంటలప్పుడు నాకు మెలకువ వచ్చింది. చప్పుడు విని లేచాననుకుంటున్నారు కాబోలు. చప్పుడు లేకపోవటం చేత లేచాను. మొదట అవి గోలగా అరిచి ఉంటాయి, వానహోరులో మాకు వినపడలేదు. ఇప్పుడు పెట్టె వైపు నుంచి ఏ సవ్వడీ లేదు.

టార్చిలైటు వేసి చూస్తే పెట్టెలో ఒక మూలకు అన్నీ కుప్పగా చేరి ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి, దాని మీద ఇంకొకటి. పైవాటిని తీసి చూశాను. పైవి చల్లగా ఉన్నాయి, మధ్యవి వెచ్చగా ఉన్నాయి. అడుగున మూలలో రెండు చచ్చిపోయి ఉన్నాయి.

చలికి కాదు పిల్లలూ, అవి ఊపిరాడక చచ్చిపోయాయి. గుంపుగా చేరటం కోడిపిల్లలకు పుట్టుకతో వచ్చిన తెలివి. మీ దగ్గర పచ్చీసు పాచికల్లాంటి సమానమైన ఘనాలు ఎనిమిది ఉంటే తీసుకోండి. విడివిడిగా ఉన్నప్పుడు ఒక్కొక్కదానికి ఆరేసి ముఖాలు, మొత్తం నలభై ఎనిమిది ముఖాలకు గాలి తగులుతుంది. ఎనిమిదింటినీ కలిపి ఒక పెద్ద ఘనంగా పేర్చండి. ఇప్పుడు బయటికి కనపడేవి ఇరవై నాలుగు ముఖాలే. సగానికి సగం తగ్గిపోయింది! గుంపుకు చేరిన పిల్లకు కూడా ఒంట్లో సగం వేడి మిగిలినట్టే. ఆ తెలివిలో తప్పు లేదు. తప్పంతా నా పెట్టెకున్న మూలలో ఉంది. నేల మీద అయితే వెనకనుంచి నెట్టుకు వచ్చేవాటికి చోటిచ్చి ముందువి పక్కకు జరిగిపోతాయి. మూలలో ఇరుక్కున్నది ఎక్కడికి జరుగుతుంది? కోళ్లు పెంచేవాళ్లు పిల్లల చుట్టూ రేకుతోనో తడికతోనో గుండ్రంగా దడి కట్టేది ఇందుకే. ఈ సంగతి నేను చదివి ఉన్నాను. చదివి కూడా, అట్టపెట్టె దొరికింది గదా అని ఊరుకున్నాను.

మా అమ్మాయి లేచి వచ్చింది. రెండు పిల్లలను చూసింది. ఏమీ అనలేదు. వాటిని తన చేతిరుమాలులో పెట్టి పక్కన ఉంచింది. తరవాత మిగిలినవాటిని లెక్కపెట్టింది. ఇరవై రెండు. వాటిలో ఒకటి తల వాల్చేసి ఉంది.

అప్పుడు కంగారులో నేను రెండో తప్పు చేశాను. ఇది మొదటిదానికన్న పెద్దది. మా ఇంట్లో పాతకాలపు ఇనుప కుంపటి ఒకటి ఉంది. మా ఊరికి దగ్గరలోనే ఇల్లెందు. 1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడు డాక్టర్ కింగ్ ఆ పరిసరాల్లోనే బొగ్గు కనిపెట్టాడు; సింగరేణి గనుల కథ అక్కడ మొదలయింది. అందుచేత మా వైపు పాత ఇళ్లలో బొగ్గుల కుంపటి వింత వస్తువు కాదు. నేను దాన్ని వసారాలో రాజేసి, బొగ్గులు ఎర్రబడగానే పిల్లలున్న గదిలోకి తెచ్చి పెట్టాను. చలిగాలి రాకుండా తలుపు వేశాను. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కాను. గది చక్కగా వెచ్చబడుతుంటే "ఇంతసేపూ ఈ ఆలోచన రాలేదేం!" అని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

ఇంతలో అవతలి గదిలో నుంచి మా అమ్మ వచ్చింది. ఆమెకు డెబ్బై దాటాయి. గడపలో కాలు పెడుతూనే కేకవేసింది.

"ఓరి, తలుపు తెరువ్! ముందుగాల ఆ కుంపటి బయట పెట్టు! బొగ్గుల కుంపటి పెట్టుకొని ఎవలన్న తలుపులు మూసుకుంటర్రా? కోడిపిల్లలను బతికిస్తనని ఇంటిల్లిపాదిని పండబెడతవా?"

కుంపటి వానలోకి వెళ్లింది. తలుపులు బార్లా తెరుచుకున్నాయి. అప్పుడు గమనించాను, నా తల కొద్దిగా దిమ్ముగా ఉంది.

మీరు ఇది బాగా తెలుసుకోవాలి. గాలి చాలినంత ఆడని చోట బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. ఇది మనం విడిచే బొగ్గుపులుసు వాయువు కాదు. దానికి తోబుట్టువే గాని దుష్టబుద్ధి గలది. దీనికి రంగు లేదు, వాసన లేదు. మన నెత్తురులో ప్రాణవాయువును మోసుకుపోయే ఎర్రని పదార్థం ఉంటుంది గదా, అది ప్రాణవాయువును పట్టుకునేదానికి రెండు వందల రెట్లకు పైగా గట్టిగా ఈ వాయువును పట్టుకుంటుంది. ఇక ప్రాణవాయువు ఎక్కటానికి చోటుండదు. మనిషికి తలనొప్పి వస్తుంది, మగతగా ఉంటుంది, నిద్ర వస్తున్నదనుకుంటాడు. ఆ నిద్రలోనే పోతాడు.

గార్ల పక్కన బొగ్గుగనులున్నాయన్నాను గనక ఇంకొక్క మాట. ఇంగ్లండులో బొగ్గుగనుల్లో పనిచేసేవాళ్లు ప్రమాదాల సమయంలో కెనరీ అనే చిన్న పచ్చపిట్టను పంజరంలో వెంట తీసుకుపోయేవాళ్లు. హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడు 1890ల్లో ఈ ఉపాయం చెప్పాడు. పక్షి చిన్నది, దాని ఊపిరి చాలా జోరు. పాడుగాలి మనిషిని పట్టకముందే అది పిట్టను పడగొడుతుంది. పిట్ట సోలిపోతే మనుషులు వెనక్కు పరుగెత్తేవాళ్లు. యంత్రాలు వచ్చిన తరవాత 1986లో ఈ పిట్టలకు గనుల్లో ఉద్యోగం తప్పింది. ఆ రాత్రి మా అమ్మ రాకపోతే మా ఇంట్లో కెనరీల ఉద్యోగం ఎవరికి దక్కేదో మీరే ఊహించుకోండి. నాకు ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

"కోడి తన పిల్లలను ఎట్ల పొదువుకుంటది?" అని మా అమ్మ మనవరాలిని అడిగింది. "మీదికెల్లి గదా బిడ్డా! ఇల్లంత కాగవెడ్తదా? తన పొట్టకిందనే ఇంత జాగ కాగవెట్టుకుంటది. మనం గూడ అంతే."

ఇక పని మొదలయింది. అటక మీద నుంచి పెద్ద వెదురుగంప దించాము. గంపకు మూలలుండవు. అందులో నాలుగు వేళ్ల మందాన పొడి ఊక పోశాము. మా ఇంటావిడ గ్యాసు పొయ్యి మీద నీళ్లు కాచింది. పాత షర్బత్తు సీసాలు మూడు దొరికాయి. మరిగే నీళ్లు ఒక్కసారిగా పోస్తే గాజుసీసా పగులుతుంది; గనక ముందు గోరువెచ్చని నీళ్లు తిప్పి పారబోసి, తరవాత వేడినీళ్లు పోసి, మూతలు గట్టిగా బిగించాము. ఒక్కొక్క సీసాకు పాత పంచె ముక్క నాలుగైదు చుట్లు చుట్టాము. మా అమ్మ ప్రతి సీసానూ తన చెంపకు ఆనించుకుని చూసింది. ఒకదానికి "ఇంకొక చుట్టు చుట్టు" అన్నది. చెంప ఓర్చుకున్నదే కోడిపిల్ల ఓర్చుకుంటుందట.

సీసాలను గంప నడుమ దూరదూరంగా పడుకోబెట్టి, వాటి సందుల్లో పిల్లలను వదిలి, పైన గొంగడి కప్పాము. మా తెలంగాణలో కురుమలు దక్కను గొర్రెల ఉన్నితో నేసే నల్లగొంగడి మీరు చూసే ఉంటారు. గరుకుగా ఉంటుంది. కాని దాని పోగుల మధ్య గాలి బోలెడంత చిక్కుకుని కదలకుండా ఉంటుంది. కదలని గాలి వేడిని బయటికి పోనివ్వదు. ఆ గొంగడి సీసాల మీద నిలిచి, పిల్లల వీపులకు తగిలీ తగలకుండా కిందికి జారింది. అచ్చంగా కోడి పొట్ట లాగా! ఒక పక్క మాత్రం నాలుగు వేళ్ల సందు ఉంచాము. అది మరిచిపోకూడదు. పిల్లల ఊపిరికి లోపల చెమ్మ పడుతుంది, గాలి పాడవుతుంది.

మీలో లెక్కలంటే ఇష్టమున్నవాళ్లకు ఒక చిన్న లెక్క. లీటరు నీరు 60 డిగ్రీల నుంచి 35 డిగ్రీలకు చల్లారేలోగా 25 కిలోకేలరీల వేడి బయటికి ఇస్తుంది. 60 వాట్ల బల్బు ఇంచుమించు అరగంటలో ఇచ్చే వేడి ఇంతే. అంటే లీటరు పట్టే సీసాలు మూడుంటే, అవి గంటన్నరసేపు వెలిగిన బల్బుతో సమానం. మరి మాకు అవి రెండున్నర గంటలు ఎలా వచ్చాయి? బల్బు వేడిలో చాలా భాగం పైకి పోయి ఇంటికప్పును కాచేది. గొంగడి కింద ఆ దండుగ లేదు. ఇంకొక సంగతి. సీసాకు బదులు ఇటుకను కాచి గోనెలో చుట్టి పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. మంచిదే. కాని బరువుకు బరువు చూస్తే, నీరు దాచుకునే వేడిలో ఇటుక అయిదో వంతు మాత్రమే దాచుకోగలదు.

తల వాల్చిన పిల్లను మా అమ్మ గంపలో వెయ్యలేదు. వేస్తే మిగిలినవి తొక్కేస్తాయి. కొంగులో చుట్టి కడుపుకు ఆనించుకుని గోడకు చేరగిలబడింది. మా అమ్మాయి వెంటనే చక్కెరనీళ్లు తెచ్చింది. "ఇప్పుడే వద్దు. ముందుగాల వేడి తగలనియ్యి. చల్లటి కడుపుల నీళ్లు పోస్తే అరగవు" అన్నది మా అమ్మ. ముప్పావుగంటకు కొంగులో నుంచి ఒక్క "కీచు" వినిపించింది. అప్పుడు చక్కెరనీళ్లలో దాని ముక్కు కొస ముంచారు. తల ఎత్తి మింగింది. మళ్లీ ముంచారు. మళ్లీ మింగింది.

తెల్లవారేదాకా వంతులు వేసుకుని మేలుకున్నాము. మధ్యమధ్య గొంగడి కిందికి చెయ్యి పెట్టి, ఎక్కడైనా కుప్పపడితే విడదీసేవాళ్లం. నా వంతు వచ్చినప్పుడు ఒక విషయం గమనించాను. మా ఊరి మీదుగా రాత్రంతా బండ్లు పోతూనే ఉంటాయి. ఆ చప్పుడు మాకు అలవాటు. ఆ వేకువను ఒక్క బండీ పోలేదు. కేసముద్రం, ఇంటికన్నె స్టేషన్ల మధ్య వరదకు పట్టాల కింది కంకర కొట్టుకుపోయి, రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయని తరవాత తెలిసింది. పాకాల ఏరు పొంగింది. ఆదివారమంతా కరెంటు రాలేదు. సీసాలు, నీళ్లు, మళ్లీ సీసాలు, నీళ్లు. ఇదే పని.

ఆ పగలు గంప పక్కన కూర్చుని, నేను ఎప్పుడో చదివిన రెండు సంగతులు మా అమ్మాయికి చెప్పాను. ఈజిప్టు దేశంలో వేల ఏళ్ల కిందటనే మట్టి ఇటుకలతో పెద్ద పొదుగుడు కొలుములు కట్టి, పేడ, గడ్డి కాల్చి, వేలకొద్దీ గుడ్లు పొదిగించేవాళ్లు. ఉష్ణమాపకాలు పుట్టని కాలమది. పనివాడు గుడ్డును తీసి తన కనురెప్పకు ఆనించుకుని వేడి సరిచూసేవాడు. ఇది చెప్పగానే మా అమ్మాయి నాయనమ్మ చెంప వంక చూసింది. రెండోది ఫ్రాన్సు దేశపు రోమర్ అనే శాస్త్రజ్ఞుడి సంగతి. ఉష్ణమాపకాల చరిత్రలో ఆయన పేరు చదువుతారు. ఆయన 1749లో కోడిగుడ్లు పొదిగించే విధానం మీద పుస్తకం రాశాడు. తల్లి లేని పిల్లల కోసం ఒక "కృత్రిమ మాత"ను కూడా తయారుచేశాడు. అదేమిటో తెలుసా? లోపలి వైపు గొర్రెతోలు తాపడం చేసిన ఒక పెట్టె! పిల్లలు ఆ ఉన్ని కిందికి దూరి పడుకునేవి. మా గంప మీద ఉన్నదీ గొర్రె ఉన్నే గదా. రోమర్ గురించి మా అమ్మ ఎన్నడూ వినలేదు. చెబితే, "ఆయన ఇంట్ల గూడ కోళ్లున్నయా?" అని అడిగింది.

ఆదివారం సాయంత్రానికి అందరికీ నిద్ర ముంచుకొస్తున్నది. అప్పుడు పక్కింటి పెద్దమ్మ ఒక ఉపాయం చెప్పింది. వాళ్ల నాటుకోడి గుడ్ల మీద కూర్చుని ఉంది. గుడ్లు మురిగిపోయాయి, అయినా అది లేవటం లేదు. మన పిల్లలను దాని కింద పెడదామన్నది. పొదిగే కోడికి పొట్ట కింద ఈకలు రాలి, వెచ్చని చర్మం గుడ్లకు నేరుగా తగులుతుంది. ఏ బల్బూ, ఏ సీసా దానికి సాటిరావు. "పగటిపూట పెడితే పొడుస్తది. రాత్రి పెట్టాలె. చీకట్ల దానికి కండ్లు ఆనవు" అన్నది పెద్దమ్మ. చీకటి పడిన తరవాత మురిగిన గుడ్లు తీస్తూ, ఒక్కొక్క పిల్లనే దాని రెక్క కిందికి జార్చాము. పన్నెండింటిని పెట్టాము. కోడి ఒకసారి "కుర్‌ర్" మని ఒళ్లు సర్దుకున్నది. అంతే. మిగిలిన పది గంపలోనే ఉన్నాయి.

తెల్లవారి చూస్తే కోడి లేచి "కొక్ కొక్" అంటూ, కొత్త తల్లి హోదాలో పెరట్లో తిరుగుతున్నది. దాని వెనక తొమ్మిది పిల్లలు. మరి మూడు ఏవి? అవి అంత దూరాన గుమ్మంలో నిలబడ్డ మా అమ్మాయి కాళ్ల దగ్గరికి పరుగెత్తుకొచ్చాయి! కోడి పిలుస్తున్నది, అవి వినిపించుకోవు. తీసుకుపోయి కోడి దగ్గర వదిలితే మళ్లీ వచ్చాయి.

కోడిపిల్లలు, బాతుపిల్లలు పుట్టిన మొదటి రెండు మూడు రోజుల్లో ఎదుట కదులుతూ కనిపించినదాన్ని తల్లిగా గుర్తుపెట్టుకుంటాయి. ఆస్ట్రియా దేశస్థుడు కాన్రాడ్ లోరెంజ్ ఈ సంగతిని పరిశీలించి లోకానికి చాటాడు. ఆయన పెంచిన పెద్దబాతు పిల్లలు ఆయన వెనకనే వరసగా నడిచేవి. 1973లో ఆయనకు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. మా పిల్లలు వచ్చిన మొదటి రోజు నుంచీ పెట్టె ముందు కూర్చున్నది మా అమ్మాయి. కాబట్టి ఆ మూడింటి లెక్కలో తల్లి ఎవరో స్థిరపడిపోయింది. అది విని ఆమెకు రెండు రోజుల్లో మొదటిసారి నవ్వు వచ్చింది.

సోమవారం సాయంత్రం కరెంటు వచ్చింది. నేను పెట్టెకు బదులు అట్టను గుండ్రంగా చుట్టి దడి కట్టి, బల్బు వెలిగించి, గంపలోని పిల్లలను అందులో వదిలాను. అవి కాసేపు బల్బు కింద నిలబడి, దడి చుట్టూ తిరిగి, గొంగడి కోసం వెతికి గోల చేశాయి. చివరకు మా అమ్మాయి ఒక మూరెడు ముక్క కత్తిరించి ఇమ్మని నాయనమ్మను అడిగింది.

"నా పెండ్లినాటి గొంగడే అది!" అన్నది మా అమ్మ. అన్నదే గాని, అంచు దగ్గర మూరెడు కత్తిరించి ఇచ్చింది. మిగిలినదాన్ని ఏరు తగ్గిన తరవాత మూడుసార్లు ఉతికించింది. ఇప్పటికీ వానపడ్డ రోజున అది కప్పుకుంటే కోళ్ల వాసన వస్తున్నదని నన్ను తిడుతూనే ఉంటుంది. కొంగులో కోలుకున్న పిల్ల ఇప్పుడు ఎర్రని పెట్ట అయింది. పొద్దున ఆమె వసారాలో మంచం మీద కూర్చోగానే అది వచ్చి మంచం కోడు పక్కన నిలబడుతుంది.